ఆరో సిస్టం

కంప్యూటర్లకు ఆపరేటింగ్ సిస్టం ఎక్కించే పని చేస్తానని చెబితే మా వైపు ఎవరూ గొప్పగా చూడరు. "అంటే ఫార్మాట్ కొడతవ్, గంతే గదా" అంటారు. అంతే. పదిహేనేళ్ల నుంచి కొడుతూనే ఉన్నాను. మొదట్లో సీడీలతో కొట్టాను, తరువాత పెన్‌డ్రైవ్‌తో, ఇప్పుడు వైరు మీద కొడుతున్నాను. పద్ధతి మారింది గాని మర్యాద పెరగలేదు. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా, గోడ మీద ఫ్యాను తిరగకపోయినా ముందు నాకే ఫోను.

నేను పనిచేసే సంస్థ గల్ఫ్ పోయేవాళ్ల కాగితాలు చూసి పెడుతుంది. పాస్‌పోర్టు ఫారాలు, సర్టిఫికెట్ల మీద ముద్రలు, టికెట్లు. పేరు చెప్పను, చెప్పుకునేంత పేరున్నది కూడా కాదు. జగిత్యాలలో హెడ్డాఫీసు, కోరుట్లలో ఒక బ్రాంచి, సిరిసిల్లలో ఒకటి. మూడింటికీ కలిపి సిస్టంలు చూసే మనిషిని నేనొక్కణ్ణే. వారంలో సగం ఆర్టీసీ బస్సుల్లోనే గడుస్తుంది. సీపీయూని ఒళ్లో పెట్టుకుని ఇన్ని ఊళ్లు తిరిగినవాడు జిల్లాలో ఇంకొకడు ఉండడు. దానికి లగేజీ టికెట్ కొట్టాలా వద్దా అని కండక్టర్లు నాతోనే పంచాయితీ పెట్టేవాళ్లు.

ఒళ్లో ఉండే ఆ పాత సీపీయూనే నా సర్వర్. దాన్ని ఆఫీసు నెట్‌వర్క్‌కి తగిలిస్తే ఇక పెన్‌డ్రైవ్ పట్టుకుని ప్రతి కుర్చీ చుట్టూ తిరగనక్కర్లేదు. మిగతా సిస్టంలలో ఒక్క సెట్టింగు మార్చాలి, అంతే. స్విచ్ వేయగానే అవి తమ లోపలి డిస్కు వైపు చూడకుండా ముందు వైరు వైపు చూస్తాయి. అక్కడ నా సర్వర్ లేచి ఉంటే కొత్త విండోస్ పంపిస్తుంది. ఉన్నదంతా తుడిచి, కొత్తది ఎక్కించి, చేతులు దులుపుకుంటుంది. మూడు రోజుల పని ఒక పూటకు తగ్గింది. మేనేజర్ శభాష్ అన్నాడు. ఆ శభాష్ నా నెత్తికెక్కింది.

మొదట్లో నా సర్వర్ తుడిచే ముందు అడిగేది. మనిషి పోయి కీ నొక్కితేనే పని మొదలుపెట్టేది. ప్రతి సిస్టం దగ్గరికీ పోయి నొక్కడం నాకు బరువైపోయింది. ఒక ఫైలులో ఒక్క లైను మార్చి ఆ అడగడం తీసేశాను. ఇక ఎవరూ ఏదీ నొక్కనక్కర్లేదు. ఇంకొక తెలివి కూడా చేశాను. సిరిసిల్లలో ఒకసారి పని నడుమ కరెంటు పోయి సర్వర్ ఆగిపోయింది. మళ్లీ అట్లా కాకూడదని, కరెంటు తగలగానే సర్వర్ తనంతట తానే లేచేటట్టు పెట్టుకున్నాను. బద్ధకం మనిషిని పాడుచేస్తుందంటారు. నా బద్ధకం నన్నేమీ చేయలేదు, ఇంకొకరిని పాడుచేసింది.

కోరుట్ల బ్రాంచిలో ఆరు సిస్టంలు. ఆరోది కిటికీ పక్కన, ఒక అక్కది. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. తండ్రి కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు, ఆమె డిగ్రీ దాకా చదివి, తొమ్మిదేళ్లుగా అక్కడ ఆపరేటర్. ఫారాలు నింపడం ఆమె ఉద్యోగం. కాని ఆమె దగ్గరికి ఎక్కువగా వచ్చేవాళ్లు ఫారాల వాళ్లు కాదు. గల్ఫ్‌లో భర్త జైల్లో పడ్డవాళ్లు, అన్న జాడ తెలియనివాళ్లు, శవం ఇంకా రానివాళ్లు. వాళ్ల తరఫున ఎంబసీకి అర్జీలు రాసేది. రాసి ఊరుకోకుండా జవాబు వచ్చేదాకా వెంటపడేది. ఆ పని వల్ల సంస్థకు లాభం లేదు. వద్దని కూడా అనలేదు, కరపత్రాల మీద సేవ అని వేసుకోవడానికి పనికొచ్చింది. ఆ పని ఆమెకు తప్ప ఎవరికీ రాదు కనుక సిరిసిల్ల వైపు వాళ్లు కూడా కోరుట్లకే వచ్చేవాళ్లు.

అవన్నీ ఆమె తన డెస్క్‌టాప్ మీద 'మనోళ్లు' అనే ఫోల్డర్‌లో పెట్టుకుంది. మా దగ్గర డెస్క్‌టాప్ అంటే దండెం. ఉన్నవన్నీ దాని మీదే వేలాడుతుంటాయి. అందరూ చూసే కామన్ డ్రైవ్‌లో పెట్టమని నేను చాలాసార్లు చెప్పాను. ఆమె ఒకసారి పెట్టింది కూడా. ఎవరో తమ ఇంటి పెండ్లి వీడియోకి జాగా చాలక రెండు నెలల అర్జీలు తీసి పారేశారు. ఎవరు తీశారో ఈనాటికీ తెలియదు. అప్పటి నుంచి ఆమె ఎవరినీ నమ్మలేదు. తప్పంటే తప్పే, కాని ఆ తప్పు ఎందుకు చేసిందో నాకు తెలుసు.

ఆ సోమవారం పాత విండోస్ తీసి కొత్తది ఎక్కించడానికి కోరుట్ల పోయాను. రాగానే, సర్వర్ ఇంకా తగిలించకముందే, వరసగా ఆరు సిస్టంలలోనూ సెట్టింగు మార్చి, ముందు వైరు వైపు చూసేటట్టు పెట్టాను. అయిదు సిస్టంలకు మధ్యాహ్నానికల్లా ఎక్కిపోయింది. వాటిని మళ్లీ తమ డిస్కు వైపు తిప్పేశాను. ఆరోదాని దగ్గరికి వచ్చేసరికి అక్క కుర్చీలోంచి లేవలేదు.

"తమ్మీ, నాది బుధవారం చేస్తవా? మనోళ్లయి కాపీ చేసుకోవాలె. ఇయ్యాల ఒక అర్జీ పంపేది ఉంది" అన్నది.

"మంచిది అక్కా. నీది ముట్టను."

"ఏవీ పోవు గద?"

"నేను చెయ్యంది ఎట్ల పోతయ్?" అన్నాను.

వైరు మీద నేనే ఆ ఫోల్డర్‌ను కాపీ తీసి ఉండవచ్చు. నలభై నిమిషాల పని. జగిత్యాల బస్సు పోతుందని తీయలేదు. ఆరోదాని సెట్టింగును వెనక్కి తిప్పాలి, అది కూడా మరిచిపోయాను. బుధవారం ఎట్లాగూ వస్తాను కదా అని సర్వర్‌ను షట్‌డౌన్ చేసి అక్కడే బల్ల కింద పెట్టాను. షట్‌డౌన్ చేశాను కనుక అది పడుకున్నట్టే అనుకున్నాను.

ఆ ఆఫీసులో అటెండర్ ఒకాయన ఉన్నాడు, అందరూ కాక అని పిలుస్తారు. సాయంత్రం తాళం వేసేముందు కరెంటు బోర్డు దగ్గరికి పోయి మెయిన్ స్విచ్ దించేస్తాడు. పొద్దున రాగానే మెయిన్ ఎత్తి, దేవుని పటానికి దండం పెట్టి, అప్పుడు చీపురు పట్టుకుంటాడు. పక్క బట్టల దుకాణం ఒకసారి షార్ట్ సర్క్యూట్‌తో కాలింది. అప్పటి నుంచి ఆయన ఒక్కనాడు కూడా మెయిన్ దించకుండా పోలేదు. మేనేజర్ చెప్పినా వినడు. నేను ఎన్నడూ ఆఫీసు మూసే దాకా ఉండలేదు గనుక ఈ సంగతి నాకు పట్టలేదు. తొమ్మిదేళ్లు అక్కడ పనిచేసినవాళ్లకు అది గాలి పీల్చుకున్నంత మామూలు. ఎవరూ నాకు చెప్పాలనుకోలేదు.

మంగళవారం పొద్దున కాక మెయిన్ ఎత్తాడు. కరెంటు తగలగానే బల్ల కింద నా సర్వర్ తనంతట తానే లేచింది. అక్క వచ్చి, కూర్చుని, స్విచ్ వేసింది. ఆరో సిస్టం వైరు వైపు చూసింది.

నేను అప్పుడు సిరిసిల్ల బస్సులో ఉన్నాను. కొండగట్టు కింద బస్సు ఆగిపోయింది. మంగళవారం గదా, అంజన్న దర్శనానికి వచ్చినవాళ్లతో రోడ్డంతా నిండిపోయి ఉంది. కిటికీ పక్కన సీటు దొరికింది, కునుకు పడుతోంది. ఫోను మోగింది.

"తమ్మీ, నా సిస్టం ఏందో వేరే తీరుగ అస్తాంది. నీలం తెర మీద నంబర్లు నడుస్తున్నయ్" అన్నది అక్క.

"అప్‌డేట్ అయితాంది కావచ్చక్కా."

"ఎన్నడు గిట్ల రాలె. ఆపన్నా?"

"ఆపకు. నడుమల ఆపితే ఖరాబైతది."

"ఆపొద్దా?"

"ఆపొద్దు. అయ్యేదాక ముట్టకు."

మాట స్పష్టంగా వినపడింది. ఆమె వెనక కాక చీపురు చప్పుడు కూడా వినపడింది. రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ వద్దన్నాను. ఫోను జేబులో పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. అప్పుడే వైరు పీకమని చెప్పి ఉంటే అన్నీ కాకపోయినా కొన్నయినా దక్కేవి. అర్ధగంటకు బస్సు కదిలింది. కదిలిన కుదుపుకే తెలివి వచ్చిందేమో, ఆ నీలం తెర నా సర్వర్ పంపేదేనని అప్పుడు తట్టింది. ఫోను చేశాను.

"అక్కా, వైరు పీకు."

"అయిపోయింది తమ్మీ. నువ్వన్నట్టే ముట్టలె. ఇప్పుడు కొత్తగ పేరు అడుగుతాంది. ఏం కొట్టాలె?"

వేములవాడలో దిగి, రుద్రంగి మీదుగా ఇంకో బస్సు పట్టుకుని కోరుట్లకు వచ్చాను. ఆమె పేరు కొట్టకుండా అట్లాగే కూర్చుని ఉంది. నేను కొట్టాను. తెర తెరుచుకుంది. కొత్త విండోస్ వేసే బొమ్మ, చెత్తబుట్ట, అంతే. ఆమె తెర వైపు చూసి, నా వైపు చూసి, "ఏవీ?" అన్నది.

డిస్కు విప్పి జగిత్యాలకు తీసుకుపోయి వారం రోజులు కుస్తీ పట్టాను. పేర్లు లేని ముక్కలు కొన్ని వచ్చాయి, తెరిస్తే తెరుచుకోలేదు. పాతదాని మీద కొత్తది కూర్చున్నాక ఎవరేం చేసినా అంతే. ఈ సంగతి నాకు మొదటి రోజే తెలుసు. వారం ఎందుకు పట్టిందంటే, ఆ వారమంతా నన్ను ఎవరూ ఏమీ అడగరని.

తరువాత మేనేజర్ ఇద్దరినీ హెడ్డాఫీసుకు పిలిపించాడు. అర్జీల కోసం వచ్చేవాళ్లు గొడవ చేస్తున్నారని, ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలని అన్నాడు. అక్క నిలబడే చెప్పింది.

"ఫోన్ చేసిన సార్. ఆపన్నా అని రెండుసార్లు అడిగిన. ఆపొద్దన్నడు."

మేనేజర్ నా వైపు తిరిగాడు. నాకు ఇద్దరు పిల్లలు, జగిత్యాలలో కిరాయి ఇల్లు అని చెప్పుకోవచ్చు. ఆ క్షణంలో అవేవీ గుర్తుకు రాలేదు. భయం ఒక్కటే ఉంది, దాని వెనక ఏ గొప్ప కారణమూ లేదు.

"ఫోన్ వచ్చింది సార్" అన్నాను. "కొండగట్టు కాడ మంగళవారం జనం. సిగ్నల్ లేదు. హలో హలో అన్న, కట్టయింది. అక్క ఏం చెప్పిందో నాకు వినవడలె. పొద్దున సిస్టం లేసేటప్పుడు ఏదన్న కీ మీద చెయ్యి వడ్డదేమో."

అక్క నా మొఖం చూసింది. "హలో హలోనా తమ్మీ?" అన్నది.

ఎన్ని నిమిషాలు మాట్లాడామో ఫోనులోనే ఉంటుంది. ఆమె తీసి చూపిస్తే నా కథ అక్కడే ముగిసేది. ఆమె తీయలేదు. మేనేజర్ చూపించమని అడగలేదు. కామన్ డ్రైవ్‌లో పెట్టమన్నవి పెట్టలేదని, సిస్టంను సరిగా వాడలేదని కాగితం రాశాడు. కింద సాక్షి సంతకం నాది. తొమ్మిదేళ్ల ఉద్యోగం ఆ పేజీతో పోయింది. ఆమె బయటికి పోతూ తన టిఫిన్ డబ్బా కుర్చీ కిందే మరిచిపోయింది. నేను తీసి ఇద్దామని లేచాను, మళ్లీ కూర్చున్నాను. తరువాత స్వీపరమ్మ పట్టుకుపోయింది.

ఏడాది గడిచింది. ఆమె కుర్చీలోకి ఒకమ్మాయి వచ్చింది, ఫారాలు బాగా నింపుతుంది, అర్జీల జోలికి పోదు. నేను మూడు ఆఫీసుల్లోనూ అన్ని సిస్టంలు కొత్తవి చేసేశాను. మా సంస్థ వార్షికోత్సవంలో నాకు శాలువా కప్పారు. నష్టం లేకుండా పని పూర్తిచేశాడని మేనేజర్ మైకులో చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ శాలువా మెడ మీద ముండ్ల కంపలా గుచ్చుకుంది. కార్యక్రమం కాగానే ఆయన గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేశాను.

"సార్, నాడు సిగ్నల్ ఉండె. ఆపొద్దని నేనే అన్న. తప్పు నాది" అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కోపం రాలేదు.

"తెల్వకుండ ఉన్ననా? ఫోన్ సూపియ్యుమని ఎందుకు అడగలేదనుకున్నవ్? నిన్ను తీస్తే మూడు ఆఫీసుల మిషన్లు ఎవలు సూస్తరు. ఆమె జాగకు పదిమంది తిరుగుతున్నరు" అన్నాడు. "పో, భోజనం జెయ్. మల్ల అయిపోతది."

ఏడాది పాటు నా అబద్ధాన్ని పెద్ద పాపంలా మోశాను. అది ఎవరినీ మోసం చెయ్యనే లేదట. ఆయనకు కావలసిన కాగితానికి ఒక సంతకం కావాలి, అది నాది అయింది. అయినా నేను రాజీనామా చేయలేదు. పోయి భోజనం చేశాను. చదివేవాళ్లు నన్ను ఎంత తిట్టుకున్నా ఈ ముక్క దగ్గర తిట్టుకోవాలి.

ఆ మరుసటి వారం అక్కను వెతుక్కుంటూ పోయాను. పెద్దగా వెతకాల్సిన పని లేదు. కోరుట్ల బస్టాండు ఎదురుగా ఒక జిరాక్స్ సెంటర్‌లో పనిచేస్తోంది. ఏడాదిగా ఆ దుకాణం ముందు నుంచే బస్సెక్కుతున్నాను, తల పక్కకు తిప్పుకొని. ఆమె ఎవరిదో ఆధార్ కాపీ తీస్తోంది. అది అయ్యేదాకా నిలబడ్డాను.

"అక్కా, మేనేజర్‌కు నిజం చెప్పిన" అన్నాను.

"ఏమన్నడు?"

"ముందుగాలే తెలుసట."

ఆమె తల ఊపింది, మిషన్‌లో కాగితాలు సర్దుకుంది. "చెప్పుకుని నీ బరువు దించుకున్నవ్. నాకేం దిగింది?" అన్నది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు సులువుగా ఉండేది.

"ఆ అర్జీలు" అన్నాను.

"మల్ల రాసిన. ఈడనే, ఈ దుకాణం బంద్ అయినంక కూసోని. ఒక్కొక్కల ఇంటికి పోయి కాగితాలు అడుక్కొచ్చుకున్న. అన్ని అయినయ్." మిషన్ మూత దించింది. "ఒక్కటి కాలె."

గంభీరావుపేట దగ్గరి ఒకామె సంగతి చెప్పింది. బీడీలు చేసుకుంటుంది. భర్త గల్ఫ్ పోయి, మూడేళ్లుగా జాడ లేదు. జాడ తెలియకుండా పోయే ముందు ఆరు నెలలు అక్కడి నుంచి వాయిస్ మెసేజులు పెట్టేవాడు. ఆఖరువి నాలుగు అర్జీకి సాక్ష్యంగా ఉంటాయని అక్క తన సిస్టంలో పెట్టుకుంది. తరువాత ఆ బీడీలామె ఫోను పాడై, కొత్తది తీసుకుంటే పాతవేవీ రాలేదు. అప్పటి నుంచి నెలకోసారి కోరుట్ల వచ్చి, అక్క పక్కన కూర్చుని, ఆ నాలుగూ విని పోయేది.

"పెద్ద మాటలేం కావు. బర్రె ఈనిందా, బిడ్డ బడికి పోతుందా, ఈడ ఎండలు మస్తుగున్నయ్ అని. నాకు కంఠతా వచ్చు" అన్నది అక్క. "అర్జీలు మల్ల రాస్తి. గొంతు ఎట్ల రాయాలె తమ్మీ?"

ఆమె ఒక చీటీ, పెన్ను దగ్గరికి లాక్కుంది.

"పోయినయని ఆమెకు చెప్పలె. నోరు రాలె. సిస్టం రిపేర్ల ఉంది, మంచిగైనంక పిలుస్తన్న. ఇప్పటికి పదిసార్లు ఫోన్ చేసింది, రిపేర్ అయిందా అక్కా అని. నువ్వు వారం వారం సిరిసిల్ల పోతవు గద. ఆన్నుంచి దగ్గరే. ఈ ఒక్కటి నువ్వు పోయి చెప్పు. నా ఉద్యోగం సంగతి ఇడిసిపెట్టు, ఇది చెయ్."

ఊరి పేరు, ఇల్లు గుర్తు, ఫోన్ నంబరు చీటీ మీద రాసి ఇచ్చింది. సరేనన్నాను. ఎప్పుడు పోతావని అడిగింది. వచ్చే మంగళవారం అన్నాను.

అది ఎనిమిది నెలల కిందటి మాట. చీటీ నా పర్సులోనే ఉంది, మడతల దగ్గర చిరుగుతోంది. ప్రతి వారం సిరిసిల్ల పోతున్నాను. బస్టాండులో గంభీరావుపేట బస్సు వచ్చి ఆగుతుంది, కండక్టర్ ఊరి పేరు అరుస్తాడు, జనం ఎక్కుతారు. నేను ఆ పక్కన బెంచీ మీద కూర్చుని టీ తాగుతాను. ఆ బస్సు పోయాక లేచి ఆఫీసుకు పోతాను. ఆ బీడీలామె ఇప్పటికీ జిరాక్స్ సెంటర్‌కు ఫోను చేసి రిపేర్ అయిందా అని అడుగుతూనే ఉందట.